వెనకగది పాఠశాల ప్రధానోపాధ్యాయుడు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పళ్ళాయన అనేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ మాట విని, సంచీ పట్టుకుని వచ్చి, డజను ఎంతని అడిగేవారు. ఆయన చేతిలో ఉన్న పనిని కాస్త పైకెత్తి చూపించేవాడు. అది ఎవరిదో పై దవడ. గులాబి రంగు చిగుళ్ళలో వరసగా పధ్నాలుగు పళ్ళు. వచ్చినవాళ్ళు సంచీ మడిచి చంకలో పెట్టుకుని, "పొరపాటైందండీ" అని చల్లగా జారుకునేవారు.

కట్టుడు పళ్ళు చెయ్యడం ఆయన పని. డాక్టర్లు మనుషుల నోటి అచ్చులు తీసి పంపితే, ఆయన వాటిలో ప్లాస్టర్ పోసి, మైనం పెట్టి, పళ్ళు పేర్చి, నున్నగా సానపట్టి తిరిగి పంపుతాడు. ఇంటి వెనకగదే ఆయన కార్ఖానా. ఆ చుట్టుపక్కల సగం మంది ఆయన పుణ్యమా అని నములుతున్నారు, నవ్వుతున్నారు, పక్కింటివాళ్ళ మీద అరుస్తున్నారు. ఆయన మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. ఒక్క మాటతో పోయేదానికి రెండో మాట వాడేవాడు కాదు.

ఆ లోటు ఇంట్లో మిగతా ఇద్దరూ తీర్చేవారు. వాళ్ళావిడ బస్టాండులో విచారణ కౌంటర్లో పనిచేస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పి చెప్పి, ఇంటికొచ్చాక ఎవరైనా ఉప్పెక్కడుందని అడిగినా, "గట్టు మీద, ఎడమవైపు, రెండో డబ్బా, తర్వాతివాళ్ళు రండి" అనేది. ఇక కూతురు. పదిహేడేళ్ళ పిల్ల. మాటలు వచ్చిన రోజు నుంచి ఆగకుండా మోగుతోందని మేనమామ దానికి గిలక్కాయ అని పేరు పెట్టాడు. అసలు పేరు కాగితాల మీద మాత్రమే మిగిలింది.

గిలక్కాయ బడికి వెళ్ళింది ఒక్క ఏడాదే. ఆరో ఏట మెట్ల మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. నాలుగు నెలలు కట్టు. అన్నాళ్ళూ వెనకగదిలో తండ్రి బల్ల పక్కన మంచం వేయించుకుని, ఆయన పని చేస్తుంటే పళ్ళు లెక్కపెట్టి కూడికలు నేర్చుకుంది. సాయంత్రం తల్లి వచ్చి చదవడం, రాయడం చూసేది. కట్టు విప్పాక, "ఈ నెలకి ఇంట్లోనే చదువుతానమ్మా" అంది. తర్వాతి నెలా అదే మాట. ఆ నెల అలా పదకొండేళ్ళు సాగింది.

ఆ పిల్లకి రాళ్ళ పిచ్చి పట్టింది కూడా ఆ గదిలోనే. ప్లాస్టర్ బస్తా చూపించి ఈ పిండి ఎక్కడిదని తొమ్మిదో ఏట అడిగింది. రాయిని పొడి చేసి కాలిస్తే వచ్చిందని తండ్రి చెప్పాడు. ఆ రాయి ఎక్కడిది, భూమిలోకి ఎలా వచ్చింది, ఎన్నాళ్ళ నుంచి ఉంది? ఆయనకు తెలియదు. ఇద్దరూ కలిసి పుస్తకాలు తెచ్చుకుని చదివారు. అప్పటినుంచి గూట్లో ఒకవైపు దవడలు, ఇంకోవైపు రాళ్ళు.

ఇప్పుడు ఆమె భూగర్భశాస్త్రం చదవడానికి కాలేజీకి దరఖాస్తు పెట్టింది. ముప్ఫై సీట్లు. పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి. మిగిలింది ఇంటర్వ్యూ. మూడు వారాల్లో రమ్మని ఉత్తరం వచ్చింది.

తల్లి కవరు చించకముందే పైన చిరునామా చదివి నవ్వడం మొదలుపెట్టింది. రెండేళ్ళ కిందట కూతురు ప్రైవేటుగా పరీక్ష రాసినప్పుడు, ఫారంలో 'పాఠశాల పేరు' అన్న గడి ఖాళీగా వదలకూడదన్నారు. పళ్ళాయన కాసేపు ఆలోచించి 'వెనకగది' అని రాశాడు. 'ప్రధానోపాధ్యాయుని సంతకం' అన్నచోట తన సంతకం పెట్టాడు. మొన్న కాలేజీ దరఖాస్తులోనూ అదే చేశాడు. ఇప్పుడు కవరు మీద అచ్చుగుద్ది మరీ వచ్చింది: ప్రధానోపాధ్యాయులు, వెనకగది పాఠశాల.

"ప్రధానోపాధ్యాయులుగారూ, తమకు ఉత్తరం!" అని తల్లి రెండు చేతులతో అందించింది.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. చేతిలో ఉన్న మైనం ముద్ద నేలమీద పడింది. గిలక్కాయ ఉత్తరం లాక్కుని పైకి చదివింది.

"ఇంటివద్ద చదువుకున్న అభ్యర్థుల విషయంలో, దరఖాస్తు మీద సంతకం చేసిన ప్రధానోపాధ్యాయులు కూడా హాజరై, అభ్యర్థి తర్వాత పావుగంట సేపు ప్యానెల్‌తో మాట్లాడవలెను."

"పావుగంటా?" అన్నాడాయన. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన ఒక్కసారైనా పావుగంట సేపు మాట్లాడినట్టు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

"పోనీ నేను వెళ్తానులెండి. డ్యూటీ మార్చుకుంటాను" అంది తల్లి.

"సంతకం చేసినవాళ్ళే రావాలట అమ్మా. కింద గీత కూడా గీశారు."

ఆదివారం పొద్దున్నే మేనమామ ఒక లావుపాటి ఫైలు పట్టుకుని దిగాడు. ఆయన బిస్కట్ల ఫ్యాక్టరీలో మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే ఆఫీసరు. ఇప్పటికి తొమ్మిది వందల మందిని ఇంటర్వ్యూ చేశానని, మనిషి కుర్చీ లాక్కునే తీరు చూసే సగం చెప్పెయ్యగలనని అంటూంటాడు.

"యాభై ప్రశ్నలు తెచ్చాను. లోకంలో ఏ ఇంటర్వ్యూ అయినా ఈ యాభై దాటి పోదు. ఒసేయ్ గిలక్కాయ్, ముందు నువ్వు కూర్చో. నీ గురించి చెప్పు."

గిలక్కాయ చెప్పింది. కాలు విరగడంతో మొదలుపెట్టి, ప్లాస్టర్ బస్తా మీదుగా, సముద్రాలు ఎండిపోవడం దాకా వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. మేనమామ మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తాడు గానీ అది ఈగను తోలుకోవడమనుకుని ఆ పిల్ల పట్టించుకోలేదు.

"దీన్ని రెండు నిమిషాలకి కుదించు. సరే, నీ బలహీనత ఏంటి?"

"పొద్దున లేవలేను మామయ్యా. ఎవరూ లేపకపోతే తొమ్మిదింటిదాకా పడుకుంటాను."

"ఛ ఛ, అలా చెప్పకూడదు. బలంలా కనిపించే బలహీనత చెప్పాలి. నేను మరీ ఎక్కువ కష్టపడతానండీ, అను."

"అది అబద్ధం కదా!"

"అబద్ధం కాదే, ఇస్త్రీ చేసిన నిజం."

"ఇస్త్రీ చేస్తూ చేస్తూ కాల్చేయకురా తమ్ముడూ!" అని వంటింట్లోంచి తల్లి కేకేసింది.

మధ్యాహ్నానికి గిలక్కాయ తన గురించి రెండు నిమిషాల పది సెకన్లలో చెప్పడం నేర్చుకుంది. దీనికి ఢోకా లేదని మేనమామ తేల్చేసి, కుర్చీ బావగారి వైపు తిప్పాడు.

"బావగారూ, మీ పాఠశాలలో విద్యార్థులెందరు?"

"ఒకరు."

"ఉపాధ్యాయులు?"

"ఇద్దరు."

"ఒక్క విద్యార్థికి ఇద్దరు ఉపాధ్యాయులు! అద్భుతం, ఇది గట్టిగా చెప్పండి. ఇప్పుడు మీ విద్యావిధానం గురించి నాలుగు ముక్కలు చెప్పండి."

పళ్ళాయన మేనమామ నోటివైపే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. ఏదో గొప్ప మాట రాబోతోందని మేనమామ కలం సిద్ధం చేసుకున్నాడు.

"నిద్రలో పళ్ళు నూరుతున్నావా?"

"ఏంటి?"

"పైన కుడివైపు అరిగింది. చూపించుకో."

మేనమామ ఠక్కున నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత ఏ ప్రశ్న అడగాలన్నా చెయ్యి అడ్డం పెట్టుకునే అడిగాడు. నాలుగింటికి ఫైలు కట్టేసి, గుమ్మం దగ్గర అక్కతో, "తొమ్మిది వందల మందిని చూశాను గానీ, ఇంటర్వ్యూ చేసేవాడి పళ్ళు లెక్కపెట్టినవాణ్ణి చూడలేదే. నావల్ల కాదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడు గిలక్కాయ నడుం కట్టింది. పదకొండేళ్ళు తనకు పాఠాలు చెప్పిన మనిషికి తను పాఠాలు చెప్పడమంటే ఆమెకు భలే సరదా వేసింది. ఒక కాగితం మీద టైంటేబుల్ గీసి, మైనం కరిగించే స్పిరిట్ దీపం పైన గోడకి అంటించింది. ఎనిమిది నుంచి తొమ్మిది: కళ్ళలోకి చూడటం. తొమ్మిది నుంచి పది: పూర్తి వాక్యాలు.

కళ్ళలోకి చూడటం కష్టమైంది. ఎదుటి మనిషి నోరు తెరవగానే ఆయన చూపు దానంతటదే అక్కడికి జారిపోయేది. గిలక్కాయ తన ముక్కు కిందనుంచి ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుని మాట్లాడేది. మూడు రోజుల తర్వాత అట్టముక్క తీసేసినా చూపు కిందికి రాలేదు. కాకపోతే ఇప్పుడు కళ్ళలోకి రెప్ప వెయ్యకుండా చూడటం మొదలుపెట్టాడు.

"నాన్నా, దొంగని పట్టుకున్నట్టు చూడకు. మామూలుగా చూడు."

"మామూలుగా నోరే చూస్తాను."

వాక్యాల సంగతి ఇంకోలా ఉంది. చేతిలో పని ఉంటే ఆయన కాస్త మాట్లాడగలడని గిలక్కాయ కనిపెట్టింది. మైనం చెక్కుతున్నప్పుడు అడిగితే మూడు, నాలుగు మాటలు వచ్చేవి. ఒకసారైతే ఏకంగా ఒక వాక్యానికి కర్త, కర్మ, క్రియ అన్నీ వచ్చాయి. పని పక్కన పెట్టించగానే మళ్ళీ మామూలే. చివరికి చిన్న మైనం ముద్ద జేబులో పెట్టుకుని, దాన్ని పిసుకుతూ మాట్లాడేలా ఒప్పందం కుదిరింది.

కొత్తవాళ్ళతో మాట్లాడటం అలవాటు కావాలని తల్లి ఒకరోజు ఆయన్ని బస్టాండుకు తీసుకెళ్ళింది. తన కౌంటరు పక్కన నిలబెట్టి, అడిగినవాళ్ళకు దారి చెప్పమంది. గంట తర్వాత తలెత్తి చూస్తే ఆమె ముందు ఒక్కరూ లేరు. వరసంతా ఆయన దగ్గరికి మారిపోయింది. ఎనిమిదో నంబరు ఎక్కడంటే వేలు చూపించి "అదిగో" అంటున్నాడు. ఇంకా రాలేదా అంటే "లేదు" అంటున్నాడు. జనం చకచకా కదిలిపోతున్నారు.

"నేను మూడు వాక్యాల్లో చెప్పేదాన్ని ఈయన ఒక్క వేలితో తేల్చేస్తున్నారు. నా ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉన్నారు" అని ఇంటికొచ్చి కూతురితో చెప్పింది. "ఇంటర్వ్యూకి మాత్రం ఇది పనికిరాదే."

ఇంటర్వ్యూ ఇంకా ఆరు రోజులుందనగా, పాత నోటుపుస్తకాలన్నీ ఒక సంచీలో సర్దుదామని గిలక్కాయ బల్ల సొరుగు తెరిచింది. అడుగున ఒక సన్నపాటి పుస్తకం దొరికింది. ఎవరికి ఏ రంగు పళ్ళు పెట్టాలో ఆయన నంబర్లు రాసుకునే పుస్తకం. తిరగేసి చూస్తే వెనకవైపు నుంచి ఇంకేదో రాసి ఉంది. మొదటి పేజీలో పైన 'నేర్పలేకపోయినవి' అని ఉంది. కింద వరసగా అంకెలు, పక్కన తేదీలు. మొదటి తేదీ పదేళ్ళ కిందటిది.

ఆ పిల్ల అక్కడే నేలమీద కూర్చుని చదివింది.

ఒకటి, వరసలో నిలబడటం. నాలుగు, తోటిపిల్లలతో కొట్లాడి మళ్ళీ కలవడం. తొమ్మిదికి ఎదురుగా, ఈత, నాకూ రాదు. పదమూడు, పాట, వాళ్ళమ్మ ప్రయత్నించింది, పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. పదిహేడు, నచ్చని టీచరు దగ్గర చదవడం. ఇరవై రెండు, చరిత్ర, మధ్యలో రెండు వందల ఏళ్ళు వదిలేశాం, పాత పుస్తకంలో ఆ పేజీలు లేవు. ముప్ఫై ఒకటి, పక్కవాళ్ళ పేపర్లోకి చూడకుండా ఉండటం, పక్కన ఎవరూ లేరు. ముప్ఫై ఎనిమిది, బడి ఎగ్గొట్టడం.

అలా నలభై మూడు. చివరిది నెల కిందటే రాసింది: ఎక్కువమందిలో తక్కువ మాట్లాడటం.

తండ్రి టీ తాగి గదిలోకి వచ్చేసరికి కూతురు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆయన ఆగిపోయాడు.

"ఇదేంటి నాన్నా?"

"మర్చిపోతానని రాసుకున్నా."

"దీనికి భయపడుతున్నావా ఇన్నాళ్ళూ? మాట్లాడటానికి కాదా?"

ఆయన తన స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి మైనం తీశాడు, మళ్ళీ జేబులోనే పెట్టేశాడు.

"బడికి పంపుంటే ఇవన్నీ వాటంతటవే వచ్చేవి. మేం పంపలేదు. నెల నెలా రేపు పంపుదాం అనుకున్నాం. నువ్వు ఇక్కడుంటే గదికి బాగుండేది. అందుకే పంపలేదేమో. వాళ్ళు అదే అడుగుతారు. నేనేం చెప్పను?"

అన్ని వాక్యాలు ఆయన నోట వరసగా రావడం గిలక్కాయ ఎప్పుడూ వినలేదు. టీకి వెళ్తూ ఆపడం మరిచిన సానపట్టే మిషను ఇంకా మోగుతూనే ఉంది. ఆయన లేచి దాన్ని ఆపేశాడు.

ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, బల్ల మీంచి పెన్సిల్ తీసుకుంది.

"పదిహేడు కొట్టేయి."

"ఎందుకు?"

"నచ్చని టీచరు దగ్గర చదవలేదన్నావుగా. భిన్నాలు చెప్పినన్నాళ్ళూ నువ్వంటే నాకు చచ్చేంత చిరాకు."

"నాకు చెప్పలేదే?"

"నీ దగ్గర చదువుకుంటున్నా కదా, ఎలా చెప్తాను? ముప్ఫై ఎనిమిది కూడా కొట్టేయి. నువ్వు పళ్ళు ఇచ్చి రావడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతి మంగళవారం వ్యాకరణం వదిలేసి మేడమీద పడుకునేదాన్ని."

"నీకు జ్వరమని చెప్పేదానివి!"

"ఎగ్గొట్టడమంటే అదే నాన్నా."

ఆ పొద్దంతా ఇద్దరూ ఒక్కో అంకె మీద వాదించుకున్నారు. తల్లి డ్యూటీ నుంచి వచ్చి, పాట సంగతి తనను అడక్కుండా ఎలా రాశారని పోట్లాడి, ఆ పదమూడో అంకె మీద రెండు గీతలు గీసింది. లెక్క తేలేసరికి పంతొమ్మిది పోయాయి. ఇరవై నాలుగు మిగిలాయి.

ఇంటర్వ్యూ రోజు కాలేజీ వరండాలో పొడవాటి బెంచీల మీద పిల్లలు, వాళ్ళ పక్కన కొందరు పెద్దలు కూర్చున్నారు. లోపల్నుంచి గుమాస్తా వచ్చి కాగితం చూసి, "వెనకగది పాఠశాల!" అని పిలిచాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పళ్ళాయన కోటు సర్దుకుని లేచాడు. ఆ కోటు మేనమామది. చేతులు కాస్త పొడుగు.

ఇద్దరూ లోపలికి వెళ్ళేసరికి గదిలో ముగ్గురున్నారు. మధ్యలో జుట్టంతా నెరిసిన ప్రొఫెసరమ్మ. ఒకవైపు కళ్ళజోడు పెట్టుకున్న బక్కపలచటి మాస్టారు. రెండోవైపు ఒక కుర్ర లెక్చరరు. గిలక్కాయ తన గురించి రెండు నిమిషాల పది సెకన్లలో చెప్పి, ఊపిరి పీల్చుకుంది. ప్రొఫెసరమ్మ బల్ల మీంచి పిడికెడంత నల్లటి రాయి తీసి ఇచ్చింది.

"ఇదేమిటో చెప్పగలవా?"

గిలక్కాయ దాన్ని తూచి చూసింది, గోటితో గీరింది, వెలుతురులోకి తిప్పింది. ఒళ్ళంతా చిన్న చిన్న చిల్లులు.

"ఇది రాయి కాదు మేడం. ఎవరో పోత పోశారు."

"అవునా! ఎలా చెప్తున్నావు?"

"లోపలన్నీ గాలి బుడగలు. మా ఇంట్లో అచ్చులో ప్లాస్టర్ పోశాక బల్లకేసి తట్టాలి. అప్పుడు బుడగలు పైకొచ్చి పోతాయి. తట్టకపోతే ఇలా చిల్లులు పడతాయి. ఎవరో బద్ధకిస్టు పోశాడు దీన్ని."

కుర్ర లెక్చరరు తల దించుకుని నవ్వాపుకున్నాడు.

"అగ్నిపర్వతం పోసింది. లావా చల్లారేటప్పుడు లోపల చిక్కుకుపోయిన వాయువు అది" అంది ప్రొఫెసరమ్మ.

గిలక్కాయ రాయి వంక మళ్ళీ చూసింది. ముఖం ఎర్రబడింది. వెంటనే కళ్ళు పెద్దవయ్యాయి.

"అయితే పోత అన్నది కరెక్టే కదా మేడం? బద్ధకిస్టు ఎవరన్నదే తప్పు. మరి తట్టేవాళ్ళుంటే చిల్లుల్లేకుండా వచ్చేదా? నెమ్మదిగా చల్లారితే బుడగలు పైకి పోయే టైం ఉంటుందిగా? అలాంటి రాయి కూడా ఉందా? చూపిస్తారా?"

ప్రొఫెసరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత పళ్ళాయన వైపు తిరిగింది. "ప్రధానోపాధ్యాయులుగారూ, మీ విద్యావిధానం గురించి చెప్పండి."

ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. "మా పాఠశాలలో ఒక విద్యార్థికి ఇద్దరు ఉపాధ్యాయులు. మేము విద్యార్థి ఆసక్తిని బట్టి..." అంతవరకు నడిచింది. ఆ పైన ఏముందో ఆయనకు గుర్తురాలేదు. రెప్ప వెయ్యకుండా అలాగే చూస్తూ ఉండిపోయాడు. ప్రొఫెసరమ్మ కుర్చీలో కొంచెం వెనక్కి జరిగింది.

కళ్ళజోడు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. బడికి వెళ్ళిన పిల్లలకు దొరికి, మీ అమ్మాయికి దొరకనివి ఏమైనా ఉన్నాయా?"

మేనమామ యాభై ప్రశ్నల్లో ఇది లేదు.

"ఇరవై నాలుగు" అన్నాడు పళ్ళాయన.

"ఏంటండీ?"

ఆయన కోటు జేబులోంచి సన్నపాటి పుస్తకం తీశాడు. తెస్తున్నాడని గిలక్కాయకు కూడా తెలియదు. మొదటి అంకె తనకు మాత్రమే వినపడేలా చదివాడు. మూడో అంకె వచ్చేసరికి ముగ్గురికీ వినపడింది. ప్రతిదీ ఎందుకు రాలేదో, తను ఏం ప్రయత్నించాడో చెప్పుకొచ్చాడు. ఈత కోసం ఇద్దరూ కలిసి ఒక పుస్తకం చదివామని, బల్ల మీద బోర్లా పడుకుని చేతులు కాళ్ళు ఆడించామని, ఆ తర్వాత నీళ్ళ దగ్గరికి వెళ్ళి చూసి తిరిగి వచ్చేశామని చెప్పాడు. చరిత్రలో వదిలేసిన రెండు వందల ఏళ్ళు ఏవో చెప్పాడు.

"ఆ రెండు వందల ఏళ్ళు నాకూ రావు. పరీక్ష ముందు రోజు సినిమాకి పోయాను" అన్నాడు కుర్ర లెక్చరరు.

"చాలాసార్లు నాకు జవాబు తెలియదు మేడం. తెలిసినట్టు నటించలేదు. అదొక్కటే" అని పళ్ళాయన పుస్తకం మూశాడు. గడియారం చూస్తే అరగంట దాటింది. గది బయట గుమాస్తా రెండుసార్లు తలుపు తోసి చూసి వెళ్ళాడు.

"ఈ ఇరవై నాలుగులో మేం నేర్పగలిగినవి ఎన్ని ఉంటాయి?" అంది ప్రొఫెసరమ్మ. పుస్తకం అడిగి తీసుకుని, ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. కొట్లాడి మళ్ళీ కలవడానికి వెనక బెంచీ ఉందని ఒకరన్నారు. ఈతకొలను ఉంది గానీ ప్రస్తుతం నీళ్ళు లేవని ఇంకొకరన్నారు. గిలక్కాయ అటూ ఇటూ చూసి ఇక ఉండబట్టలేక, "ఎక్స్‌క్యూజ్ మీ, ఇంటర్వ్యూ నాది. నన్నెవరూ ఏమీ అడగట్లేదు" అంది.

కళ్ళజోడు మాస్టారు మాత్రం నవ్వలేదు. "అమ్మాయ్, నీకు తెలివి ఉంది. దాంట్లో సందేహం లేదు. కానీ మా చదువు సగం కొండల మీదే. ఒక్కో గుడారంలో ఎనిమిది మంది. నువ్వు ఎప్పుడూ నలుగురిలో ఉండలేదు. మూడో రోజున ఇంటికి పోతానంటే ఆ సీటు వృథా. నేను ఒప్పుకోలేను."

ముగ్గురూ మళ్ళీ తలలు దగ్గర పెట్టుకున్నారు. చివరికి ఇలా తేలింది. కాలేజీ తెరవడానికి ముందు పాత విద్యార్థులతో పది రోజుల శిబిరం ఉంది. గిలక్కాయ దానికి వెళ్ళాలి. పదో రోజు దాకా ఉండి, తోటివాళ్ళు సరేనంటే సీటు ఖాయం.

బయటికొచ్చాక గిలక్కాయ మెట్ల మీద కూర్చుంది. "నువ్వు పుస్తకం తియ్యకపోతే ఆయనకి ఆ అనుమానమే వచ్చేది కాదు నాన్నా."

"వచ్చేది. అడిగేవాడు కాదు. సీటిచ్చేవాడూ కాదు" అన్నాడాయన.

శిబిరం నుంచి ఆమె పదకొండో రోజు సాయంత్రం వచ్చింది. ముక్కు మీద తోలు ఊడిపోయి, బూట్ల నిండా మట్టితో, గొంతు బొంగురుపోయి ఉంది. సంచీ గుమ్మంలో పడేసి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మూడు రోజులూ భోజనాల వరసలో అందరూ ముందుకి తోసుకుపోతుంటే తను మర్యాదగా నిలబడి చివర్లో అడుగుముద్దలు తిందట. నాలుగో రోజు నుంచి మోచేతులు వాడటం నేర్చుకుందట. గుడారంలో ఒకమ్మాయి తన బూట్లు తన్నేసిందని రెండు రోజులు మాట్లాడలేదట. ఆ మర్నాడు ఆ అమ్మాయికే కాలు బెణికితే తనే సామాను మోసిందట. ఐదో రోజు రాళ్ళ వాన... కాదు, మామూలు వానే, కానీ రాళ్ళు దొర్లాయట. అప్పుడు మాత్రం ఇంటికి వచ్చేద్దామనిపించిందట.

"మరి ఎందుకు రాలేదు?" అంది తల్లి.

"బస్సు లేదమ్మా. ఉంటే వచ్చేసేదాన్ని. నీకు ఫోన్ చేసి అడుగుదామంటే సిగ్నలు కూడా లేదు."

"నీ వాగుడు ఎలా భరించారే ఏడుగురూ?"

"భరించలేదు. రూలు పెట్టారు. ఎవరి చేతిలో రాయి ఉంటే వాళ్ళే మాట్లాడాలి. నాకు రోజుకు రెండుసార్లు ఇచ్చేవాళ్ళు." కాస్త ఆగి, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ అంది: "రాయి లేనప్పుడు మిగతావాళ్ళు చెప్పింది వినపడింది. వాళ్ళకి చాలా తెలుసమ్మా."

సీటు ఖాయమైనట్టు వారం తర్వాత కాగితం వచ్చింది. దాని మీద కళ్ళజోడు మాస్టారి సంతకమే ఉంది.

కాలేజీ మొదటి రోజు ఏడున్నర బస్సు కోసం తండ్రీ కూతుళ్ళు బస్టాండుకు వచ్చారు. తల్లి అప్పటికే కౌంటర్లో ఉంది. గిలక్కాయ కౌంటరు ముందు వరసలో నిలబడి, తన వంతు రాగానే, "కాలేజీ బస్సు ఎక్కడ ఆగుతుందండీ?" అని అడిగింది.

"మూడో ప్లాట్‌ఫారం, ఐదు నిమిషాల్లో, కిటికీ పక్కన కూర్చో, చెయ్యి బయట పెట్టకు" అంది తల్లి. ఆ తర్వాత, ఎప్పుడూ అనే 'తర్వాతివాళ్ళు రండి' అనడం మర్చిపోయింది. వెనకున్నాయన రెండుసార్లు దగ్గాల్సి వచ్చింది.

బస్సు కదిలింది. గిలక్కాయ అప్పుడే పక్కసీటు అమ్మాయితో ఏదో చెబుతోంది. తల్లిదండ్రుల వైపు చెయ్యి ఊపింది గానీ తల తిప్పలేదు.

పళ్ళాయన కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వరస ఖాళీ అయ్యేదాకా ఆగాడు.

"సానపట్టే మిషను పాతబడింది. కొత్తది కొందామనుకుంటున్నా."

"కొనండి. ఇప్పుడు చప్పుడు లేకుండా తిరిగేవి వచ్చాయట కదా."

"అది వద్దు" అన్నాడాయన. "బాగా మోత చేసేది కావాలి."

ఆమె కౌంటరు అద్దం కొంచెం పక్కకి జరిపి ఆయన వైపు చూసింది. పన్నెండో నంబరు ఎప్పుడొస్తుందని ఎవరో అడుగుతున్నారు. ఆమె జవాబు చెప్పేలోపే పళ్ళాయన అటు తిరిగి, "ఇంకో పది నిమిషాలు పడుతుందండీ. రండి, ఎక్కడ ఆగుతుందో చూపిస్తాను" అని వాళ్ళ సంచీ అందుకుని ముందు నడిచాడు.